మూడో చాలు పక్కన బావి

చుట్టు 2391

ఈ చుట్టులో బావికి ఇవ్వవలసిన రెండు తడుపుల్లో ఒకటే ఇచ్చాను. చాలు బిగిసే వేళ ఇవ్వవలసిన రెండో తడుపు ఇవ్వలేదు. ఆ వేడినీళ్లు మనుషులకు పోశాను. కారణం: ఉగాది.

వేడినీళ్ల పుస్తకంలో కారణం రాయడానికి వేలెడు గడి ఉంటుంది. అది చాలకపోతే వెనక పేజీలో వివరంగా రాయమని మా స్థావరం పెద్ద పేర్రాజు గారు చెప్పారు. టైటాన్ మీద ఉన్న పై ఆఫీసువాళ్లు ఎప్పుడైనా అడుగుతారట.

మేమున్న ఈ చంద్రుడు, ఎన్సెలాడస్, ముప్పై మూడు గంటలకొకసారి శనిగ్రహాన్ని చుట్టి వస్తుంది. మాకు అదే రోజు. ఆ చుట్టులో ఇక్కడి మంచులో ఉన్న నాలుగు చాళ్లు, అంటే పొడవాటి పగుళ్లు, ఒకసారి నోరు తెరిచి ఆవిరి, మంచు పొడి పైకి ఊదుతాయి, ఒకసారి బిగుసుకుంటాయి. మా బావి మూడో చాలు పక్కనే ఉంది. రెండు కిలోమీటర్ల మంచు తొలిచి, అడుగున ఉన్న సముద్రం దాకా దింపిన బావి అది. చాలు కదిలితే బావి గోడా కదులుతుంది, కొత్త మంచు పేరుకుంటుంది. గంగాళంలోని వేడినీళ్లు గొట్టాల గుండా వదిలి గోడను కడుగుతూ ఉండాలి. తడుపంటే అదే. గంగాళమంటే రియాక్టరు పక్కనున్న పెద్ద ట్యాంకు. దాని కవాటం తిప్పడం తొమ్మిదేళ్లుగా నా పని.

పైన నలభై ఇద్దరం ఉన్నాం. వచ్చిన నాటి నుంచి తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకోవడమే కాని, నెత్తిన చెంబెడు నీళ్లు పోసుకున్నవాళ్లు లేరు. పంచాంగం చూసి ఉగాది వస్తోందని చెప్పింది నేనే. అందరికీ తలంటు పోయనివ్వండని అడిగిందీ నేనే. పేర్రాజు గారు పాత పేజీలు తిరగేశారు.

“ఇదివరకు మూడుసార్లు తడుపు తప్పింది కదండీ, ఏమీ అవలేదు. కానివ్వండి వకుళమ్మగారూ,” అన్నారు.

మనిషికి మూడు చెంబులు. ఇక్కడ బరువు లేనట్టే కనక నెత్తిన పోసిన నీళ్లు మడమకు చేరేలోపు అయిదు లెక్కపెట్టవచ్చు. ఒంటికి జిగురులా పట్టుకుంటాయి, చేత్తో తోసుకోవాలి. పేర్రాజు గారు మూడో చెంబు దగ్గర కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడ్డారు. నేను చూడనట్టు పక్కకు తిరిగాను.

సాయంత్రం కిందింటికి ఫోను చేశాను. బావి అడుగున, మంచు కింద వేలాడే ఇల్లు అది. సముద్రాన్ని కొలిచేవాళ్లు ఇద్దరిద్దరు చొప్పున ఇరవై చుట్లు అక్కడ ఉండి వస్తారు. ఇప్పుడు మా చెల్లెలు భ్రమర, మల్లేశం ఉన్నారు. మూడు చుట్లలో వాళ్ల వంతు అయిపోతుంది.

“ఏంటక్కా, పైన పండగంటగా. మాకేం పంపుతున్నావు?”

“బొక్కెనలో పచ్చడి వస్తుంది.”

“మరి తలంటు?”

“నువ్వు పైకొచ్చాక పోస్తాలే.”

“అప్పటికి నీళ్లన్నీ మళ్లీ నీ బావికే పోస్తావు. దాని మీదున్న ప్రేమ నా మీద ఎప్పుడుంది గనక!”

వెనక నుంచి మల్లేశం గొంతు. “అక్కా, జర పచ్చడిల బెల్లం ఎక్కువెయ్యి. చేదు గురించి పరేషాన్ గాకు. ఇర్వై రోజుల సంది మీ చెల్లె మాటలు తింటున్న.”

చుట్టు 2392

బొక్కెన దిగలేదు.

బొక్కెనంటే మనుషుల్నీ సరుకునీ దించే ఇనుప గూడు. తర్వాతి జంటకు కావలసిన తిండి వేసి దింపారు. పద్నాలుగు వందల మీటర్ల దగ్గర ఆగిపోయింది. లాగి మళ్లీ వదిలారు, మళ్లీ అక్కడే ఆగింది. పైకి తీసి చూస్తే రెండు పక్కలా రంగు గీరుకుపోయి ఉంది.

రెండు తడుపులూ ఇచ్చాను. మూడోది కూడా ఇచ్చాను. చివరికి కెమెరా దింపి చూశారు. నాలుగు బారల వెడల్పు ఉండాల్సిన చోట మోకాటి ఎత్తు సందు ఉంది.

చుట్టు 2393

మంచు కదలికలు కొలిచే అమ్మాయి అస్మత్. ఇరవై ఎనిమిదేళ్లు, కర్నూలు పిల్ల. నన్ను పిన్నీ అని పిలుస్తుంది. రెండు చుట్లుగా నిద్రపోలేదు. నా దగ్గరికి వచ్చి గంగాళం పక్కన వెచ్చగా ఉంటుందని కూర్చుంది.

“మనకు అవతల డయోనీ అని ఇంకో చంద్రుడు ఉంది కదా పిన్నీ. అది మనల్ని లాగుతూ ఉంటుంది. ఆ లాగుడు పెరిగి తగ్గడానికి పదకొండేళ్లు పడుతుంది. పుస్తకాల్లో ఉంది. కానీ బావి గోడ మీద ఎంత పడుతుందో ఎవరికీ తెలీదు. మనం వచ్చి తొమ్మిదేళ్లేగా. బిగిసే ఏళ్లు ఇప్పుడే మొదలయ్యాయి.”

“ఆ ఒక్క తడుపు ఇచ్చి ఉంటే?”

చేతులు రుద్దుకుంది.

“ఎలాగూ మూసుకునేదే పిన్నీ. కాకపోతే పది చుట్లు ఆగి మూసుకునేది.”

పది చుట్లంటే, మూడో చుట్టులోనే వాళ్లిద్దరూ పైకి వచ్చేసి ఉండేవారు. ఆ మాట ఆ పిల్ల అనలేదు. నేనూ అనలేదు. అబద్ధం చెప్పనందుకు మాత్రం ఆమె తల నిమిరాను.

టైటాన్ నుంచి మంచు తొలిచే యంత్రం రావాలంటే నూట పది చుట్లు పడుతుంది. కిందింట్లో తిండి పద్దెనిమిది చుట్లకు ఉంది. సగం తింటే ముప్పై ఆరు. కరెంటు పై నుంచి తీగ ద్వారా వెళ్తుంది కనక గాలి, వెలుతురు, వెచ్చదనానికి లోటు లేదు.

పేర్రాజు గారు అందరినీ పిలిచి, వేడినీళ్లన్నీ బావికే అన్నారు. ఇంటి గోడల్లో తిరిగే వేడిగొట్టాలు కూడా కట్టేయాలి. నలభై ఒక్క మంది తలలు ఊపారు. ఎవరూ నా వైపు చూడలేదు.

చుట్టు 2395

సందు జానెడు అయింది. బొక్కెన పట్టదు కాని సన్నటి సంచీ పడుతుందని అస్మత్ చెప్పింది. ఆడా మగా అనకుండా సూది పట్టడం వచ్చినవాళ్లందరం కూర్చుని పాత దుప్పట్లు చింపి పాముల్లాంటి పొడుగాటి సంచులు కుట్టాం. పైన ప్లాస్టిక్ తొడుగు. లోపల జొన్నపిండి, వేయించిన శనగపప్పు, బెల్లం. అడుగున ఇనుప గుండు.

చాలు తెరుచుకునే వేళ చూసి రెండు దింపాం. రెండూ దిగాయి.

“అందాయి, అందాయి!” అని భ్రమర ఫోనులో అరిచింది. “ఎవరు కుట్టారే ఇది? కుట్లు చూస్తే నీవే అనిపిస్తున్నాయి. ఇంత వంకరగా కుట్టేవాళ్లు మన వంశంలో నువ్వొక్కదానివే.”

నేను నవ్వాను. దీపం పెట్టుకున్నాను. రెండు నిమిషాలకు మించి దీపం పెట్టకూడదని ఇక్కడ నియమం. మంట నిలువుగా లేవదు, వత్తి చుట్టూ నీలంగా గుండ్రంగా నిలుస్తుంది. ఆ రెండు నిమిషాలూ స్వామికి దణ్ణాలు పెట్టడంతోనే సరిపోయింది.

రెండు సంచులు కలిపి ఇద్దరికి ఆరు చుట్ల తిండి. ఇంకా ఇరవై సంచులు కుట్టి పెట్టుకున్నాం.

చుట్టు 2397

మూడో సంచీ సందులో ఇరుక్కుంది. తాడు తెగింది. ఉప్పు కలిపిన వేడినీళ్లు పోశాను, కరగలేదు. తర్వాతి బిగింపులో సంచీ చుట్టూ మంచు పట్టి బిరడా అయిపోయింది.

మిగిలిన సంచులు విప్పి పిండి తిరిగి డబ్బాల్లో పోశాం.

చుట్టు 2399

గోడల మీద మా ఊపిరి గడ్డకడుతోంది. అన్నం సగం ఉడికాక దించేస్తున్నాం. పేర్రాజు గారికి దగ్గు పట్టుకుంది, పడుకుంటే ఊపిరి అందక కూర్చునే నిద్రపోతున్నారు. మడుల గదిలో ఆరు మడులకు రెండు చచ్చిపోయాయి. గోధుమ, తోటకూర, చిక్కుడు, మేము తినేదంతా ఆ మడుల్లోదే. నాలుగు పోతే టైటాన్ ఓడ వచ్చేదాకా పైనున్నవాళ్లం కూడా బతకమని అస్మత్ లెక్కవేసి చెప్పింది.

వంటింటి దగ్గర ఎవరో అనడం విన్నాను: “మూడు చెంబుల స్నానం. బాగానే గిట్టుబాటయింది.” వెంటనే ఇంకెవరో నోరు ముయ్యమన్నారు. మొదటి మాట కంటే ఆ రెండో మాటే నాకు ఎక్కువ కష్టంగా తోచింది.

ఈవేళ భ్రమరకు చెప్పేశాను. తడుపు తప్పింది నా వల్లేనని, అడిగింది నేనేనని.

“తెలుసులే,” అంది. “పోయినవారమే పేర్రాజు గారు చెప్పారు. ఆయన తన మీద వేసుకున్నారు. నాకు నమ్మకం కలగలేదు. తలంటు అనే ఆలోచన ఆయనకెక్కడ వస్తుంది!”

“నన్ను తిట్టు భ్రమరా.”

“తొమ్మిదేళ్లకొకసారి మనుషులు మనుషుల్లా నీళ్లు పోసుకున్నారు. దానికి తిట్టమంటావేంటి? అసలు శనిదేవుడి వాకిట్లో కాపురం పెట్టి, ఏలినాటి శని పట్టలేదేమా అని తొమ్మిదేళ్లుగా చూస్తున్నా.”

ఇక్కడ శని ఉదయించదు, అస్తమించదు. ఆకాశం అంచున సగం మునిగి, ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది. దాని వలయం గీత గీసినట్టు సన్నగా కనిపిస్తుంది. వచ్చిన కొత్తలో అటు చూడడానికి భయపడేదాన్ని. తర్వాత అలవాటైంది. ఈవేళ కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు చూశాను. భయం కాని, భక్తి కాని కలగలేదు.

చుట్టు 2402

మూడో మడి చచ్చిపోయింది. బిరడా పక్కన కరిగిన సందు ఇప్పుడు వేలి వెడల్పే. నేను పోసే నీళ్లు ఎంత కరిగిస్తున్నాయో, బిగింపులో అంత తిరిగి పేరుకుంటోంది. అస్మత్ గీతలు గీసి చూపించింది. పేర్రాజు గారు చూసి కాగితం మడతపెట్టి నాకే ఇచ్చేశారు.

“మీరు చెప్పండి వకుళమ్మగారూ. మీరు ఎప్పుడంటే అప్పుడు ఆపుదాం. ఆపమని నేను మాత్రం అనలేను.”

ఫోనులో ముందు మల్లేశం మాట్లాడాడు. గొంతు నీరసంగా ఉంది.

“అక్కా, ఓ ముచ్చట చెప్పాలె. మీ చెల్లె తన వంతుల సగం నా గిన్నెల వేస్తున్నది. నేను నిద్రపోయిన్నని అనుకుంటది. నువ్వే జర సమ్‌జాయించు.”

తర్వాత భ్రమర వచ్చింది.

“వాడు చాడీలు చెప్పాడా? వాడి మాట నమ్మకు. అక్కా, మడులు ఎన్ని మిగిలాయి?”

“అయిదు.”

“అస్మత్‌ని అడిగాను. మూడు.”

అస్మత్ గీతల కాగితం మళ్లీ విప్పి చూశాను.

“కవాటం మూసెయ్యక్కా.”

“ఓడ వస్తోంది. నువ్వు తక్కువ తిని, తక్కువ కదిలి, పడుకుని ఉంటే...”

“ఓడకు ఇంకా వంద చుట్లు. మా దగ్గర తిండి ఎంత కొసరి తిన్నా నలభైకి రాదు. నాకు లెక్కలు నువ్వే నేర్పించావు, ఇప్పుడు నువ్వే మర్చిపోతే ఎట్లా?”

“నీళ్లు పోస్తుంటే ఏమో, ఎక్కడో కొంచెం...”

“నిన్ను ఎవరూ అడగరక్కా. అదే నా భయం. నలభై మంది నీ మొహం చూసి చలికి చచ్చిపోతారు గాని, ఆపమని ఒక్కళ్లూ అనరు. నువ్వే ఆపాలి.”

“నా వల్ల కాదే.”

“సరే,” అంది. “ఈవేళ కాకపోతే రేపు.”

తడుపులు రెండూ ఇచ్చాను.

చుట్టు 2405

తీగ తెగింది.

చాలు బిగిసే వేళ మాట్లాడుకుంటున్నాం. భ్రమర ఆకలి సంగతి ఎత్తనిచ్చేది కాదు, చిన్నప్పటివే తవ్వేది. రేపల్లె అవతల మా రేవులో మెట్లు ఎన్ని అని గొడవ మొదలుపెట్టింది.

“పదమూడు,” అన్నాను.

“పద్నాలుగు. ఆఖరిది ఎప్పుడూ నీళ్లలో ఉండేది.”

“నీళ్లలో ఉన్నదాన్ని ఎట్లా లెక్కపెడతావు?”

“కాలితో. నువ్వు బట్టలు తడుస్తాయని దిగేదానివి కాదు, నేను రోజూ దిగి...”

అంతే. ఫోనులో చప్పుడు కూడా రాలేదు. మాట అక్కడ ఆగింది. కరెంటు గదిలో వాళ్లు పరుగెత్తిన అడుగులు వినిపించాయి.

కరెంటు లేకపోతే కిందింట్లో గాలి తయారుకాదు. బ్యాటరీల మీద అయిదు చుట్లు వస్తుందని, ఇద్దరూ కదలకుండా ఉంటే కొంచెం ఎక్కువ రావచ్చని అస్మత్ చెప్పింది.

చుట్టు 2406

అస్మత్ దగ్గర మంచులోని చప్పుళ్లు వినే పరికరం ఉంది. దాన్ని నా చెవికి పెట్టింది.

ఠక్, ఠక్, ఠక్. ఏడు దెబ్బలు. తర్వాత ఆగి, మళ్లీ ఏడు. కిందింటిని మంచుకు బిగించిన ఇనుప స్తంభం మీద కొడుతున్నారు. మంచు తనంతట తాను చేసే చప్పుడు ఇలా ఉండదని, అది ఎప్పుడూ ఒక లెక్కన రాదని అస్మత్ చెప్పింది.

మేము కూడా బావి ఒరకు ఇనుప కడ్డీతో ఏడు దెబ్బలు కొట్టాం. కింద నుంచి వెంటనే ఏడు వచ్చాయి. నాకు వాళ్లు ఎదురుగా నిలబడి మాట్లాడినట్టే ఉంది. చలిలో అందరూ వచ్చి బావి చుట్టూ నిలబడ్డారు. వంటింటి దగ్గర మూడు చెంబుల మాట అన్న సూరమ్మ కూడా వచ్చింది. కడ్డీ నా చేతిలోంచి తీసుకుని తనే ఏడు కొట్టింది. చేతి తొడుగు ఇనుముకు అంటుకుపోయి చిరిగింది.

తడుపులు రెండూ ఇచ్చాను.

చుట్టు 2408

ఒకసారే వినిపించింది. ఏడు. మా జవాబుకు జవాబు రాలేదు.

నాలుగో మడిలో ఆకులు వాలిపోయాయి. ఇంకా చావలేదు. పేర్రాజు గారికి జ్వరం. పలవరింతలో బావికి తడుపు ఇచ్చానో లేదో అని నన్ను అడుగుతున్నారు. ఇచ్చానని చెప్పాను.

దీపం దగ్గర కూర్చుంటే స్వామిని ఏమి అడగాలో తెలియడం లేదు. చెల్లెల్ని కాపాడమంటే పైవాళ్ల వేడి లాక్కోమన్నట్టు. పైవాళ్లను కాపాడమంటే ఆ మాట నోటికి రాదు. చేతులు జోడించి ఊరికే కూర్చున్నాను. రెండు నిమిషాలు అయ్యాక ఆర్పేశాను.

చుట్టు 2410

అయిదు చుట్లు నిండాయి. ఈ చుట్టు మొత్తం పరికరం దగ్గరే ఉన్నాను. మంచు పగిలే చప్పుళ్లు, చాలు ఆవిరి ఊదే చప్పుడు. ఇంకేమీ లేదు.

సూరమ్మ వచ్చి నా కాళ్ల మీద తన దుప్పటి వేసింది. దాని చేతివేళ్లు నల్లబడి ఉన్నాయి. ఏమిటని అడిగితే, మొన్న కడ్డీ పట్టుకున్నప్పటివి అంది. “పోతాయిలే వదినా, వేళ్లేగా,” అని నవ్వింది.

తడుపులు రెండూ ఇచ్చాను.

చుట్టు 2411

చాలు బిగిసే వేళకు ముందు గంగాళం దగ్గరికి వెళ్లాను. ఎవరినీ పిలవలేదు. బావి కవాటం మూశాను. అది కొంచెం పట్టేసి ఉంటుంది, రెండు చేతులతో తిప్పాలి. తర్వాత ఇంటి గొట్టాల కవాటం, మడుల గది కవాటం తెరిచాను. గొట్టాల్లో నీళ్లు కదిలిన చప్పుడుకు గదుల్లోంచి మనుషులు బయటికి వచ్చారు. వచ్చి, నన్ను చూసి, మళ్లీ లోపలికి వెళ్లారు. ఎవరో ఏడవడం వినిపించింది. నాకు ఏడుపు రాలేదు.

మడుల గదిలో కాసేపు నిలబడ్డాను. నాలుగో మడి మీద మంచు కరిగి ఆకుల మీద బొట్లు కట్టింది.

అప్పుడు అస్మత్ పరుగెత్తుకొచ్చింది.

“పిన్నీ, చప్పుడు!”

వెళ్లి చెవికి పెట్టుకున్నాను. సన్నగా ఉంది. నాలుగు దెబ్బలు. చాలా సేపు ఏమీ లేదు. తర్వాత మూడు. చాలు బిగిసే వేళే అది. ఆ వేళ మంచు ఎన్నో రకాలుగా పగులుతుంది. అస్మత్ పరికరం మీద గీతలు పెద్దవి చేసి చూసింది, తిప్పి చూసింది.

“ఇది ఇనుము చప్పుడో, మంచు చప్పుడో... పిన్నీ, నేను చెప్పలేను. ఇనుమే అనిపిస్తోంది. కాదేమో. గాలి ఇంకా మిగిలి ఉండే వీలు లేదు, కానీ ఒక్కరే ఉంటే...” అని ఆగిపోయింది.

ఒక్కరే ఉంటే అనే లెక్క నేను అంతకుముందు వేసుకోలేదు.

ఆమె పుస్తకం తెరిచి, కలం పట్టుకుని నా మొహం చూస్తోంది. ఇనుము అని రాస్తే నేను వెళ్లి కవాటం తిప్పుతాను. నేను తిప్పితే ఎవరూ వద్దనరు.

“ఏం రాయమంటారు?”

“మంచు అని రాయమ్మా.”

“పిన్నీ...”

“మా చెల్లెలు ఏడు కొడుతుంది. నాలుగు కొట్టి మర్చిపోయి మూడు కొట్టే పిల్ల కాదు. దానికి లెక్క తప్పదు.”

అస్మత్ రాసింది. పరికరం నేను చెవి నుంచి తీయలేదు. చాలు బిగిసే వేళ గడిచేదాకా విన్నాను. మరో రెండుసార్లు వినిపించింది. రెండుసార్లూ మంచు అనే రాయించాను.